పెళ్లి కెమెరా ముందు పరుగు

సుందరరాజు కనే కలలన్నీ ఫోను మోగడంతోనే ముగిసిపోయేవి. అవి నిద్రలో వచ్చే కలలు కావు. కువైట్‌లో షుఐబా రేవులో, క్రేను మీద, పట్టపగలు కళ్లు తెరుచుకుని కనేవి. కొక్కేనికి బరువు వేలాడుతున్నంతసేపూ అతనంత ఒళ్లు దగ్గరపెట్టుకుని పనిచేసేవాడు ఆ యార్డులోనే లేడు. కానీ లారీ కోసమో, ఫోర్‌మన్ చేతి సైగ కోసమో ఖాళీగా కూర్చోవలసి వచ్చిందా, ఇక ఆ మనిషి అక్కడ ఉండడు. కింద ఇనుప గొట్టాలు, ఎదురుగా తెల్లగా మెరిసే సముద్రం, దాని మీద కదులుతున్నాయో లేదో తెలియని ఓడలు. వాటి మధ్యలోంచి కూతురు కెజియా పరుగెత్తుకుంటూ వచ్చేది. నీళ్ల మీద కూడా ఆ పిల్ల పాదాలు తడిసేవి కావు. అలా పరుగెత్తి పరుగెత్తి ఎక్కడో మద్రాసులో ఒక తెల్లగీత దాటేది. వెంటనే మంగాఫ్‌లో వాళ్ల ఫ్లాట్‌లో ఫోను మోగేది. "మీ అమ్మాయిని మా కాలేజీలోకి తీసుకున్నామండీ" అనేది ఒక గొంతు. అంతే, అక్కడితో కల ఖలాస్. మళ్లీ మొదటినించి.

ఆ ఫోను పెట్టేశాక ఏమవుతుందో అతను ఒక్కసారైనా ఆలోచించలేదు. కలలు కనేవాళ్లకు అంత దూరం వెళ్లే తీరిక ఎక్కడుంటుంది?

ఈ పిచ్చి అంటించినవాడు అబ్దుల్ ఖుద్దూస్ సారు. కెజియా చదివే ఇండియన్ స్కూల్లో ఆటల మాస్టారు, రాయచోటి మనిషి. పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు సుందరరాజును స్కూలు గేటు దగ్గర పట్టుకుని, పక్కకు తీసుకుపోయి, ఏదో రహస్యం చెబుతున్నట్టు చెప్పాడు.

"రాజుగారూ, ఈ పాప కాళ్లల్లో ఏందో ఉండాది. అందురూ పరిగెత్తినాక అలిసిపోతారు. ఈ పాపకి అలిసినాకనే పరుగు మొదలైతాది. నాలుగేండ్లుండాది మనకు. ఈ యేడు ఊరికే పరిగెత్తనీండి, గడియారం చూపియ్యొద్దండి. ఏ పరుగు ఈ పాపదో పదో తరగతిలో నేను తేలుస్తా. ఆ పైన కనపడినోళ్లందరి మీదా పోటీకి దించుతా. పన్నెండులో మాత్రం ఎవురో ఒకరు చూడల్ల. చూసేవోళ్లు లేకుంటే ఎంత పరిగెత్తీ ఏం లాభం?"

కువైట్‌లో మనవాళ్ల పిల్లలకు పన్నెండో తరగతి ఒక గోడ. అక్కడిదాకా ఎలాగో నడిచివస్తారు, ఆ తర్వాత గోడ దూకి ఇండియాకో మరో చోటికో పోవలసిందే. ఎటు దూకాలన్నదే ప్రశ్న. ఇంజనీరింగ్ అనేవాళ్లు ఇంజనీరింగ్‌కు దూకుతారు, నర్సింగ్ అనేవాళ్లు నర్సింగ్‌కు. పరుగు వైపు దూకిన పిల్లను మంగాఫ్ తెలుగువాళ్లలో ఎవరూ చూడలేదు. అందుకే ఆ మాట సుందరరాజుకు అంత రుచించింది. నరసాపురం దగ్గర వాళ్ల పేటలో పదో తరగతి దాటిన మొదటివాడు తనే. ఎవరూ పోని దారంటే ఆ మనిషికి మొదటినించీ ఒక మోజు.

అలా మొదలైంది. ఇప్పుడు షాపింగ్ మాల్స్‌తో మెరిసిపోతున్న ఎగైలాలో అప్పట్లో ఎటు చూసినా ఖాళీ ఇసుక ప్లాట్లు. తెల్లవారుజామున పిల్లను కారులో అక్కడికి తీసుకుపోయేవాడు. ఆకాశం అప్పుడే విరిగిన పాల రంగుకు తిరిగేది. గాలి సముద్రం మీదనించి ఉప్పగా, కొంచెం పెట్రోలు వాసనతో వచ్చేది. కెజియా బూట్లు బిగించుకుని, తండ్రి వైపు చూసి చెయ్యూపి, ఇసుకలోకి వెళ్లిపోయేది. సగం కట్టి వదిలేసిన విల్లాల వెనక ఆమె జడ ఒకసారి కనబడేది, ఒకసారి మాయమయ్యేది. సుందరరాజు కారు బానెట్ మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతూ ఆ కనబడడం, మాయమవడం చూస్తూ ఉండేవాడు. అతని జీవితంలో అంతకంటే మంచి గంట మరొకటి లేదు. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు, అనడం రాక.

వేసవి వస్తే ఆ ఇసుక నిప్పుల మీద పెట్టిన పెనం. అప్పుడు ఖుద్దూస్ సారు స్కూలు మెట్లు ఎక్కించేవాడు, దించేవాడు. పదో తరగతిలో ఎనిమిది వందల మీటర్లు ఈ పిల్లదని తేల్చాడు. పదకొండులో ఇండియన్ స్కూళ్ల మధ్య పోటీల్లో కప్పులు రావడం మొదలైంది. అవి టీవీ మీద, ఫ్రిజ్ మీద, చివరికి బైబిలు పెట్టుకునే చిన్న బల్ల మీదికి కూడా పాకాయి.

వాటిని తుడిచేది మాత్రం ఫ్లోరెన్స్. సుందరరాజు భార్య, ఆసుపత్రిలో నర్సు. కప్పు మీద దుమ్ము ఆమె కంట పడితే ఊరుకోదు, కానీ కప్పు గురించి ఒక్క మాటా మాట్లాడదు.

"కాళ్లని నమ్ముకుని ఎన్నాళ్లు బతుకుతారండీ?" అనేది మొగుడితో. "ఇన్నేళ్లనించీ నించునే ఉద్యోగం చేస్తన్నాను, కాళ్ల సంగతి నాకు తెలీదా? భీమవరంలో నర్సింగ్ సీటు మా అన్నయ్య అట్టేపెట్టాడు. పిల్లకి ఏ లోటూ ఉండదు. రేపు ఏ దేశమైనా రమ్మంటాది."

"ఒక్క మనిషి చూస్తే చాలు ఫ్లోరెన్సూ..."

"చూసేదాకా ఎన్నాళ్లు కూచుంటారు?" అని, ఆమే తీర్పు కూడా చెప్పేసింది. "పన్నెండు అయిపోయే మే నెలాఖరు దాకా మీ కల. జూన్ ఒకటినించి నా మాట."

ఆమె చెడ్డ మనిషి కాదు. కూతురు పరుగెత్తడం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు, అంతే. పోటీలు జరిగే ప్రతిరోజూ ఆమెకు డ్యూటీ ఉండేది. లేని రోజున, తీరా చూస్తే, నిద్ర ఉండేది.

చూడవలసిన ఆ ఒక్క మనిషిని కూడా ఖుద్దూస్ సారే పట్టాడు. మద్రాసులో ఒక ఆడపిల్లల కాలేజీ, దానికి స్పోర్ట్స్ కోటా, పరుగుల పిల్లలకు వేరే హాస్టలు. అక్కడి కోచ్ రోజలిన్ మేడమ్ ఒకప్పుడు సారుతోపాటు ట్రైనింగ్ అయిన మనిషి. అయితే ఆవిడ ఫోనులో ఖరాకండిగా చెప్పేసింది. జిల్లా, రాష్ట్ర స్థాయి సర్టిఫికెట్లు ఉన్న పిల్లలే వరసలో నిలబడి ఉన్నారు. కువైట్ పిల్లకు జిల్లా ఎక్కడ, రాష్ట్రం ఎక్కడ? పోనీ మార్చిలో ట్రయల్స్‌కు రమ్మంటే అప్పుడే బోర్డు పరీక్షలు. "నీ మాట మీద సీటివ్వలేను ఖుద్దూస్. పరుగెత్తేది వీడియో తీసి పంపమను. కళ్లతో చూస్తే చెప్తా" అంది.

వీడియో అనగానే మంగాఫ్ తెలుగు క్రైస్తవులకు గుర్తొచ్చే పేరు ఒకటే, జాన్ పాల్. వారమంతా ఫహాహీల్‌లో ఒక ఫొటో స్టూడియోలో పని. శుక్రవారం అక్కడ సెలవు, చర్చి కూడా ఆ రోజే, కాబట్టి ఆ రోజు పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, పుట్టినరోజులు. తన పని మీద అతనికి రెండు గట్టి నమ్మకాలు. వచ్చిన బంధువుల్లో ఒక్క మొహం తప్పిపోయినా ఆ క్యాసెట్టు పాపం తనదేనని ఒకటి. పెళ్లికూతురు గబగబా నడిస్తే ఆ పెళ్లికి కళే ఉండదని రెండోది. అందుకే అతని క్యాసెట్లలో పెళ్లికూతుళ్లందరూ నీళ్లలో నడిచినంత నింపాదిగా నడిచి వస్తారు.

పన్నెండో తరగతి జనవరిలో స్కూళ్ల పోటీ. ఆ సమయానికి ఖుద్దూస్ సారు చెల్లెలి నిఖా అని రాయచోటి వెళ్లాడు. చెప్పేవాడు లేడు, ఆపేవాడు లేడు. జాన్ పాల్ తన ధర్మం తాను నెరవేర్చాడు. పదిరోజులు రాత్రనక పగలనక కూర్చుని డీవీడీ తయారుచేసి తెచ్చాడు.

మొదట గులాబీ రంగు హృదయం. అందులో కెజియా ఫొటో. రెండు పక్కలనించీ పావురాలు వచ్చి ముక్కులతో ఆ హృదయాన్ని తెరుస్తాయి. తర్వాత మైదానం. పిల్లలు గీత మీద నిలబడ్డారు, విజిల్ మోగింది, వెంటనే కెమెరా ముఖ్య అతిథి వైపు తిరిగింది. ఆయన సమోసా తిన్నాడు. వరసగా అమ్మలూ నాన్నలూ అందరూ వచ్చారు, సుందరరాజు రెండుసార్లు వచ్చాడు. చివరికి కెజియా కనబడింది. ఎంత నెమ్మదిగానో! ఒక పాదం నేల విడిచి గాలిలోనే ఆలోచిస్తున్నట్టు ఆగి, మళ్లీ దిగింది. జడ పైకి లేచి, అక్కడే కాసేపు ఉండి, భుజం మీద వాలింది. గులాబీ రేకులు రాలాయి. వెనకనించి పియానో. గీత మీది రిబ్బను ఆమె గుండెకు తగిలి రెండుగా విడిపోవడానికే ఒక పాట పట్టింది.

సుందరరాజుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. క్రేను మీద తను కనే కల జాన్ పాల్‌కు ఎవరు చెప్పారో అతనికి అర్థం కాలేదు. "ఇంకోసారి వెయ్యి" అన్నాడు. ఇంకోసారి వేశాడు. ఫ్లోరెన్స్ డ్యూటీ బ్యాగు తగిలించుకుంటూ గుమ్మంలోంచే ఒక చూపు చూసి, "మీ పెళ్లి క్యాసెట్టు మీరే చూసుకోండి" అని వెళ్లిపోయింది. సారు ఊరినించి తిరిగి రాకముందే, మద్రాసు పోతున్న ఒక నర్సమ్మ పెట్టెలో, చీరల మడతల మధ్య, ఆ డీవీడీ వెళ్లింది.

పరీక్షలు వచ్చాయి, అయిపోయాయి, మద్రాసునించి కబురు లేదు. మే నెల రెండోవారంలో, ఒక సాయంత్రం, ఫోను మోగింది.

అచ్చం కలలో మోగినట్టే మోగింది. సుందరరాజు తుడుచుకుంటున్న తువ్వాలు భుజానే వదిలేసి అందుకున్నాడు.

"సుందరరాజుగారా? మద్రాసునించి రోజలిన్‌ని మాట్లాడుతున్నా. మీరు పంపింది చూశానండీ. నేనూ, మా హాస్టల్ పిల్లలూ అందరం కూర్చుని చూశాం. చాలా బాగుంది. పెళ్లెప్పుడు?"

"పెళ్లి... పెళ్లి కాదండీ. ఎనిమిది వందల మీటర్లండీ."

"ఆ అనుమానం నాకూ వచ్చింది" అందావిడ. నవ్వుతోందో కోప్పడుతోందో తెలియలేదు. "పావురాలు ఎగరడం బాగా కనిపించింది. మీ పిల్ల పరుగెత్తుతోందో, తేలుతోందో అది మాత్రం తెలీలేదు. ఇదిగో చూడండి, నాకు పువ్వులొద్దు, పాటలొద్దు. విజిల్ మోగినప్పట్నించీ గీత దాటేదాకా ఒకటే ముక్కగా కావాలి. మధ్యలో ఎక్కడైనా కట్ అయిందంటే నేను నమ్మను. సోమవారం నా లిస్టు ప్రిన్సిపాల్ దగ్గరికి పోతుంది. ఖుద్దూస్ అంత గట్టిగా చెప్పాడు కాబట్టి ఒక్క పేరుకు చోటు ఉంచా. అంతవరకే నా చేతిలో ఉంది."

ఫోను పెట్టేసి సుందరరాజు వెనక్కి తిరిగాడు. ఎదురుగా కెజియా. అతను ఉన్నదున్నట్టు చెబితే, మొదట పావురాల మాటకు పగలబడి నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "డాడీ, నాకు నర్సింగ్ అంటే భయం లేదు. మమ్మీ చేసే పనే కదా. కానీ పరుగెత్తకుండా ఉండడం ఎలాగో నాకు తెలీదు" అంది. పిల్ల ఎప్పుడూ ఏదీ అడిగేది కాదు. ఇప్పుడూ అడగలేదు. నాలుగేళ్ల పరుగంతా తీసుకుపోయి తన ముచ్చట కోసం పూలదండలో చుట్టేశానే అనిపించింది సుందరరాజుకు.

జాన్ పాల్‌కు ఫోను చేస్తే అతను ఏడుపొక్కటే తక్కువ. "అసలు టేపు లేదండి అన్నగారండి. దాని మీద శామ్యూల్ గారి బాబుని చర్చిలో ప్రతిష్ఠ చేసిన వీడియో ఎక్కిపోయిందండి."

అయితే మళ్లీ పరుగెత్తాలి. రుమైథియాలో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా ఉన్న సైమన్‌కు అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, సెలవిచ్చాడు. శుక్రవారం సాయంత్రం మద్రాసు విమానం. అతను ఆదివారానికల్లా ఆ కాలేజీ గేటు దగ్గర ఇచ్చి ఊరెళ్తానన్నాడు. కాబట్టి శుక్రవారం పొద్దున, చర్చికి ముందు. ఖుద్దూస్ సారు స్కూలు హారిస్‌ను, అదే కాపలావాణ్ని, బతిమాలి గేటు తాళం తీయించాడు.

శుక్రవారం తెల్లవారలేదు. అంటే, తెల్లవారింది కానీ ఎవరికీ కనబడలేదు. ఇరాక్ వైపునించి తోజ్ దిగింది. కువైట్ మీద ఇసుక గాలి దిగితే ఆకాశమూ నేలా ఒకటే అయిపోతాయి. వీధి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఒక్కొక్కటి నారింజపండంత మసక వెలుగు. కార్లు దగ్గరికొచ్చాకే కార్లని తెలుస్తున్నాయి. రాత్రి డ్యూటీ దిగి, తెల్ల యూనిఫారంలోనే, ఫ్లోరెన్స్ కారెక్కి కూర్చుంది. ఇంటికి పోయి చీర మార్చుకుని మళ్లీ చర్చికి రావడం కంటే ఇదే మేలంది. "ఈ దుమ్ములో పిల్లని పరిగెట్టిత్తారా? ఊపిరితిత్తులేమవ్వాలి?" అని దారంతా గొణిగింది. రుమాలు తడిపి కూతురి ముక్కుకు పెట్టింది. కెజియా ఆ రుమాలు మడిచి తల్లి చేతిలోనే పెట్టేసింది.

మైదానంలో ఈ గీతనించి ఆ మూల కనబడటంలేదు. జాన్ పాల్ మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, కెమెరాకు దుమ్ము పడకుండా తన తెల్ల చొక్కా కప్పి, బనియనుతో నిలబడ్డాడు. ఒక్క షాట్‌లో ఏదీ తీయడం అతని వంశంలో లేదు.

"ఎటూ తిప్పొద్దు జాన్ పాల్" అన్నాడు సుందరరాజు.

"తిప్పనండి."

"ఆపొద్దు."

"ఆపనండి. మిమ్మల్ని కూడా తియ్యనండి అన్నగారండి, ఏమీ అనుకోకండి."

ఖుద్దూస్ సారు పిల్ల భుజం మీద చెయ్యేసి, "పాపా, కండ్లు సగం మూసుకో. నీ కాళ్లకు దారి తెల్సు. రెండు చుట్లే. యల్లా, పా" అన్నాడు. విజిల్ ఊదాడు.

కెజియా వెళ్లిపోయింది.

ఫ్లోరెన్స్ ఒక అడుగు ముందుకు వేసింది. అంత వేగం ఆమె ఊహలో లేదు. పొద్దున లేపితే దుప్పటి లాక్కునే పిల్ల, అన్నం దగ్గర బతిమాలించుకునే పిల్ల, ఆ పిల్లేనా ఇది? నేలను తాకీ తాకనట్టు, వెనక దేన్నీ పట్టించుకోకుండా, మొదటి మలుపు తిరిగి, మూల వైపు, పసుపుపచ్చ దుమ్ములోకి. ముందు కాళ్లు కరిగాయి, తర్వాత భుజాలు, చివరికి జడ. అంతే. ఇక అక్కడ ఎవరూ లేరు.

మైదానం ఖాళీగా ఉంది. గాలి చప్పుడు తప్ప మరేం లేదు. ఆ దుమ్ములోకి చూస్తూ నిలబడిన సుందరరాజుకు ఒక్కసారిగా తెలిసింది. ఫోను మోగిన తర్వాత ఉండేది ఇదే. పిల్ల మంచం, పిల్ల ప్లేటు, కారులో పక్క సీటు, తెల్లవారుజామున ఎగైలా ఇసుక, అన్నీ ఇలాగే ఖాళీగా ఉంటాయి. నాలుగేళ్లుగా తను పోగుచేసుకున్నది దీన్నే. పక్కన ఫ్లోరెన్స్ అతని చేతిని ఎప్పుడు పట్టుకుందో ఇద్దరికీ తెలియదు. ఆమె గోళ్లు దిగబడుతున్నాయి.

"అన్నగారండి" అన్నాడు జాన్ పాల్ గుసగుసగా. "ఏమీ కనపడట్లేదండి. ఉత్త దుమ్మేనండి. ఆపేయమంటారా?"

ఆపేయమనాలనే ఉంది సుందరరాజుకు. పిల్లను పిలవాలని, కారెక్కించుకుని ఇంటికి పోవాలని, తలుపు వేసేయాలని ఉంది. నోరు తెరిచాడు.

"ఆపకు" అన్నాడు.

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే దుమ్ములో ఒక మరక కదిలింది. మరకకు చేతులొచ్చాయి, మొహమొచ్చింది. కెజియా వాళ్ల ముందునించి వెళ్లిపోయింది, ఎవరివైపూ చూడలేదు. రెండో చుట్టులో మళ్లీ మాయమైంది. మళ్లీ బయటికి వచ్చినప్పుడు ఆమె మొదటిసారి కంటే వేగంగా ఉంది. సారు చెప్పినట్టు, అలిసినాకే ఆ పిల్లకు పరుగు మొదలవుతుంది. గీత దాటి, నాలుగడుగులు తూలి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని మట్టి ఉమ్మింది.

ఫ్లోరెన్స్ వెళ్లి తడి రుమాలుతో కూతురి మొహం తుడిచింది. కళ్లు, ముక్కు, పెదాలు, చెవుల వెనక, పసిపిల్లను తుడిచినట్టు తుడిచింది. తెల్ల యూనిఫారం గోధుమరంగు అయిపోయింది.

జాన్ పాల్ ఆ రోజు ప్రార్థన ఎగ్గొట్టి, తీసింది తీసినట్టు మక్కీకి మక్కీ డీవీడీ మీదికి ఎక్కించాడు. ఒక్క పువ్వైనా వేయకుండా ఇవ్వడం అతనికి ఎంత కష్టమైందో దేవుడికే తెలుసు. సైమన్ దాన్ని పాలపొడి డబ్బాల మధ్య దోపి, విమానమెక్కాడు.

సోమవారం దాటింది. మంగళవారం దాటింది. ఫ్లోరెన్స్ భీమవరం మాట ఎత్తలేదు, అది మరీ భయంగా ఉంది. బుధవారం సాయంత్రం, ముగ్గురూ అన్నాల దగ్గర ఉండగా, ఫోను మోగింది.

"సుందరరాజుగారూ, రోజలిన్‌ని. ఇప్పుడు పంపారు సినిమా! అందులో సగంసేపు నాకు దుమ్మే కనిపించిందండీ."

"అవునండీ. ఆ రోజు గాలి..."

"నేను చెప్పేది వినండి. పిల్ల దుమ్ములోకి పోయింది. వచ్చేదానికి టైం పడుతుంది కదా అని పక్కనున్న టీ గ్లాసు అందుకున్నా. నోటిదాకా రానేలేదు, ఆ పిల్ల బయట ఉంది! రెండోసారి గ్లాసు ముట్టుకోకుండా చూశా. ఇంకా ముందే వచ్చింది. మధ్యలో ఎవరో 'ఆపకు' అన్నారే, మీరేనా?"

"నేనేనండీ."

"మంచిపని చేశారు. ఆపి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. మీ అమ్మాయిని తీసుకున్నామండీ. హాస్టల్ కూడా. జూన్ పదికల్లా ఇక్కడ ఉండాలి. ఎప్పుడు పంపిస్తారు?"

కల ఇక్కడిదాకే ఉంది. సుందరరాజు రిసీవరు చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. ఎప్పుడు పంపిస్తారు అన్న మాటకు జవాబు అతను ఎక్కడా తయారుచేసి పెట్టుకోలేదు. "హలో? సుందరరాజుగారూ?" అంటోంది అవతలి గొంతు. కెజియా కంచం ముందు కదలకుండా కూర్చుని తండ్రినే చూస్తోంది.

ఫ్లోరెన్స్ లేచింది. ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడంచేత్తో మొగుడి చేతిలోంచి రిసీవరు తీసుకుంది.

"వందనాలండీ మేడమ్. పిల్ల తల్లినండి. పంపిత్తామండి" అంది. గొంతు ఏమాత్రం వణకలేదు. "పదికే ఎందుకండీ, అయిదో తారీకుకే పంపిత్తాం. అక్కడ నీళ్లు అలవాటు పడాలి కదండీ. దానికి జలుబు తొందరగా చేస్తదండి, తలకి ఆవిరి పట్టించమని హాస్టల్లో చెప్పండి. పాలు తాగనంటది, మీరు గట్టిగా చెప్తే తాగుద్దండి..." అలా చెబుతూనే ఉంది. కళ్లనించి నీళ్లు కారి గడ్డం మీదనించి పడుతున్నా చెప్పడం ఆపలేదు. కెజియా వచ్చి వెనకనించి తల్లిని కౌగిలించుకుని ఆ భుజం మీదే ఏడ్చింది.

జూన్ అయిదున పిల్ల వెళ్లిపోయింది.

ఇంట్లో ఏసీ చప్పుడు అంత పెద్దదని వాళ్లకు అప్పుడే తెలిసింది. తెల్లవారుజామున సుందరరాజుకు మెలకువ వచ్చేసేది, కారు తాళాలు చేతిలోకి తీసుకుని, మళ్లీ మేకుకు తగిలించేవాడు. క్రేను మీద ఖాళీగా కూర్చున్నప్పుడు సముద్రం సముద్రంలాగే ఉండేది, ఓడలు ఓడల్లాగే ఉండేవి. కెజియా ఫోనులో మాట్లాడేది, హాస్టలు సాంబారు బాగుందనేది, కాళ్లు నొప్పులనేది, సంతోషంగా ఉన్నాననేది. అది నిజమే. గొంతులో తెలుస్తూనే ఉండేది.

ఒక సాయంత్రం ఏమీ తోచక అతను సొరుగులోంచి జాన్ పాల్ మొదట చేసిచ్చిన డీవీడీ కాపీ తీసి పెట్టాడు. పావురాలు వచ్చాయి. హృదయం తెరుచుకుంది. ముఖ్య అతిథి సమోసా తిన్నాడు. అప్పుడు కెజియా వచ్చింది, గులాబీ రేకుల్లోంచి, నింపాదిగా, ఎక్కడికీ తొందర లేనట్టు. పాదం గాలిలో ఆగింది. జడ లేచింది.

తాళం తీసిన చప్పుడు. ఫ్లోరెన్స్ డ్యూటీ దిగి వచ్చింది. సుందరరాజు దొంగలా రిమోటు అందుకున్నాడు, ఆపేద్దామని.

"ఉంచండి" అంది.

బ్యాగైనా దించలేదు. బూట్లయినా విప్పలేదు. మొగుడి పక్కన నేల మీద కూలబడి, తెర మీద పిల్లనే చూస్తూ కూర్చుంది. రిబ్బను దగ్గరపడుతోంది. ఇంకో నాలుగడుగుల్లో పిల్ల దాన్ని దాటేస్తుంది, అక్కడితో డీవీడీ అయిపోతుంది.

ఫ్లోరెన్స్ అతని మోచేతిని పట్టుకుంది.

"ఏవండీ" అంది. "దీన్ని ఇంకొంచెం నిదానంగా నడిపించడం అవ్వదాండీ?"